దొర ఊరి ఉత్తర దిక్కు

నా చిన్నప్పుడు నన్ను ఒకచోట కూర్చోబెట్టాలంటే కట్టేయవలసిందే. మాటవరసకు అనడం లేదు. మా అవ్వ పాత చీర చింపి, ఒక కొస నా నడుముకూ ఇంకో కొస వసారా స్తంభానికీ కట్టి, వంటింట్లో పని చూసుకునేది. నేను ఆ స్తంభం చుట్టూ తిరిగి తిరిగి, చీరంతా చుట్టుకుపోయి, చివరికి స్తంభానికి అతుక్కుపోయి ఏడ్చేదాన్ని. ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. ఏం మారింది? ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చుని అప్పుడే రెండుసార్లు లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. ఎందుకని అడగకండి, నాకే తెలియదు.

మాది తమిళ దేశంలో సూలూరు పక్కన ఒక పల్లె. ఎన్ని తరాల కిందట వచ్చి ఇక్కడ పడ్డామో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో నేను చదివిందంతా తమిళమే; తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక పంతం పట్టి నేర్చుకున్నాను. అందుచేత తప్పులుంటే మీరే సర్దుకోవాలి.

నాకు తొమ్మిదేళ్ళప్పటి సంగతి ఇది. ఆ ఏడు ఐప్పసి నెల, అంటే దీపావళి నాటి వానలు మోసం చేశాయి. పాత బావిలో నీళ్ళు అడుగంటాయి. పత్తి చేను మోకాలెత్తు పెరిగి, ఆకు ముడుచుకుని నిలబడింది. కొత్త బావి తవ్వక తప్పదని మా నాయన తేల్చి చెప్పాడు. నీళ్ళ జాడ చూసే ఆఫీసరు ఒకాయన పెట్టెలూ తీగలూ తెచ్చి, చేనంతా తిరిగి, ఒకచోట ఇనుప మేకు దిగ్గొట్టి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ కాగితం మీద పటం గీసి ఇచ్చాడు. చేను మూలనున్న సర్వే రాయి దగ్గర నిలబడి, ఉత్తర దిక్కుకు ఇన్ని డిగ్రీలు పక్కగా చూసి, మూడు వందల అడుగులు కొలిస్తే ఆ మేకు వస్తుందని అందులో ఉంది.

ఆఫీసరు జీపు మలుపు తిరిగిందో లేదో మా అవ్వ ఆ మేకు పీకించేసింది. "భూమమ్మ నెత్తిన ఇనుం గుచ్చి పెడితే నీళ్ళు బెదిరి పోతాయిరా! పూజ అయ్యేదాకా ఆడ ఏమీ ఉండకూడదు," అంది. మా ఇంట్లో బావి తవ్వే ప్రతిసారీ ఇదే పద్ధతి. పూజకు ముహూర్తం కుదిరేసరికి ఇరవై రోజులు పట్టింది. ఈలోగా ఆ చోట నాగలి కూడా తోలేశారు. అయినా ఎవరూ కంగారు పడలేదు, ఎందుకంటే కాగితం ఉంది, దాన్ని చదవడానికి మా చిన్నాయన ఉన్నాడు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. ఆ పల్లెలో కంపాసు ఉన్న మనిషి ఆయనొక్కడే. ఊటీలో ఒక దొర తన దేశం వెళ్ళిపోతూ ఇంటి సామాన్లన్నీ అమ్మేస్తుంటే అక్కడ కొన్నాడు. మందమైన ఇత్తడి డబ్బా, గాజు మూత, లోపల ముల్లు, ముల్లు చుట్టూ డిగ్రీలు చెక్కిన వలయం. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకునేవాడు. తీశాడంటే పెద్ద తంతు. చుట్టుపక్కల గడ్డపార ఉండకూడదు, పార ఉండకూడదు, ఆఖరికి మా చిన్నమ్మ నడుముకున్న తాళాల గుత్తి కూడా ఉండకూడదు. ఇనుము దగ్గరుంటే ముల్లు తిరిగిపోతుందట. ఒకసారి ఇంటి పెరటి గోడకు కంపాసు పెట్టి చూసి, గోడ వంకరగా ఉందనీ, కట్టిన మేస్త్రికి దిక్కులు తెలియవనీ వారం రోజులు నవ్వాడు. నాకు మాత్రం ఆయనంటే ప్రాణం. నన్ను కట్టేసినప్పుడల్లా ముడి విప్పేది ఆయనే.

సర్వే రాయి దగ్గర కంపాసు పెట్టి ఆయన చూపించిన చోట పూజ చేసి తవ్వడం మొదలుపెట్టారు. ఇరవై అడుగుల దాకా మట్టి, తర్వాత రాయి. రోజూ మందు పెట్టి పేల్చడం, రాళ్ళు పైకి చేదడం. నలభై అడుగులకు చెమ్మ తగలాలని ఆఫీసరు చెప్పిన మాట. నలభై అయింది, యాభై అయింది, అరవై అయింది. రాళ్ళు పొడిగా, తెల్లగా పైకి వచ్చాయి. నేను రోజూ గట్టు మీద బోర్లా పడుకుని లోపలికి చూసేదాన్ని.

ఒక బుధవారం బావి మేస్త్రి పైకెక్కి వచ్చి తలపాగా విప్పి దులుపుకున్నాడు. ఆయనా మా మాదిరే తెలుగు మాట్లాడేవాడు. "సామీ, ఇంక గుండు రాయి. ఎంత తోడినా ఇట్లనే ఉంటాది. మాకు వేరే ఊరిలో పని ఉండాది, శుక్రవారం పొద్దున పోతాము," అన్నాడు. మా నాయన నేరుగా తమ్ముడి ముందుకు వచ్చి, "నీ కంపాసు ఎత్తుకోని పోయి కోళ్ళ గూట్లో పెట్టు," అన్నాడు. అంతమంది కూలీల ముందర! చిన్నాయన ముఖం చూడలేక నేను పరుగెత్తి పత్తి చేలో దూరాను.

ఆ సాయంత్రం ఇంట్లో తప్పెవరిదన్నదే గొడవ. అవ్వ జాతకాలంది. నాయన ఆఫీసరు కాగితమే తప్పన్నాడు. చిన్నాయన మాత్రం అన్నం ముట్టకుండా లేచి, "నేను మిల్లు పనికి పోతాను అన్నా. ఈ ఊరిలో ముఖం ఎట్ల చూపించేది?" అన్నాడు. ఆయన వెళ్ళిపోతే నా ముడి విప్పేదెవరు? బావిలో నీళ్ళు పడాలి, చిన్నాయన ఉండాలి. ఆ రెండూ నాకు ఒకటే కోరిక అయిపోయాయి.

మర్నాడు పొద్దున్నే మా చిన్నమ్మ నన్ను పిలిచింది. చిన్నమ్మ అంటే చిన్నాయన భార్య; నన్ను ముద్దుగా కణ్ణూ అనేది. ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి. "కణ్ణూ, నీకొక పని ఉండాది. నీ వల్ల అయ్యే పని కాదులే, ఏమో, చూస్తాం," అంది. నా వల్ల కాదా? నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఏమిటో చెప్పమని వెంటపడ్డాను. అదే ఆవిడ ఎత్తు అని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అది మార్గళి నెల, మీ ధనుర్మాసం. ఆ నెలలో మా వైపు ఆడవాళ్ళు వాకిలి నిండా పెద్ద పెద్ద కోలాలు వేస్తారు. తెలుగు దేశంలో ముగ్గు అంటారు కదా, అదే. అందుచేత చిన్నమ్మ కళ్ళం మధ్యలో వెదురు కట్టె పాతి, దానికి తాడు కట్టి, తాడు చివర పిండి పట్టుకుని గుండ్రంగా పెద్ద వలయం గీస్తుంటే ఎవరూ ఏమిటని అడగలేదు. కట్టె నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూసుకుంది. నా చేతిలో రెండు చింతగింజలు పెట్టింది. పొద్దున కట్టె నీడ వలయం దాటి పడమరకు చాలా దూరం పడుతుంది. ఎండ ఎక్కేకొద్దీ అది కురచ అవుతూ లోపలికి వస్తుంది. నీడ కొన వలయాన్ని తాకిన చోట ఒక గింజ పెట్టాలి. మధ్యాహ్నం తర్వాత నీడ మళ్ళీ పొడుగై, తూర్పు వైపు వలయాన్ని తాకుతుంది. అక్కడ రెండో గింజ. అంతే. కానీ అంతసేపూ కదలకూడదు.

మొదటి గింజ బాగానే పెట్టాను. ఆ తర్వాత మొదలైంది నా అవస్థ. కాలు తిమ్మిరెక్కింది. కాకి వచ్చింది, పోయింది. నీడ అసలు కదులుతున్నట్టే లేదు. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తిన్నాను. ఇంకొంచెంసేపు ఉంటే అయిపోయేదే. సరిగ్గా అప్పుడే బావి దగ్గర గోల వినిపించింది. కూలీలు రాళ్ళు చేదే రాట్నం విప్పి సామాను బండికెత్తుతున్నారు. ఒక్క క్షణం చూసొద్దామని పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి నీడ వలయం దాటి నాలుగు వేళ్ళు అవతల ఉంది. నేను అటూ ఇటూ చూసి, ఇక్కడే తాకి ఉంటుందిలే అనుకుని ఒకచోట గింజ పెట్టేశాను. చిన్నమ్మ వచ్చి, చూసి, "కదల్లేదే! మంచి పాప," అని నా తల నిమిరింది. ఆ నిమరడం నాకు వాత పెట్టినట్టుంది.

ఆవిడ రెండు గింజల మధ్యా తాడు పట్టి, దాన్ని సగానికి మడిచి, నడిమి చోటు నుంచి కట్టె మొదలు దాకా పిండితో గీత గీసింది. "ఇదే వడక్కు," అంది. ఉత్తరం అని. ఇదెందుకని అడిగితే అప్పుడు చెప్పింది. "ఈ ఇల్లు కట్టిన మేస్త్రి ఇట్లనే పగలంతా నీడ చూసి గోడ పోసినాడు. నేను అప్పుడు కొత్త పెండ్లికూతుర్ని, గడపలో కూర్చోని చూసినాను. మీ చిన్నాయన కంపాసు ఆ గోడ వంకర అంటాది. గోడ వంకరో, కంపాసు వంకరో చూడాల కదా?" మరి చిన్నాయనకు ముందే చెప్పొచ్చుగా అన్నాను. "చూడకుండా చెప్తే, అందరూ ఒక మాట అనినారు, నేను ఇంకొకటి అనినట్ల అవుతాది. పావం, మీ చిన్నాయన," అంది.

నేను అక్కడి నుంచి లేచి పరుగెత్తాను. ఎక్కడికని పరుగెత్తను? పెరట్లోకి వెళ్ళాను, వాకిట్లోకి వచ్చాను, బావి చుట్టూ రెండుసార్లు తిరిగాను. నా గింజను నమ్ముకుని ఆవిడ గీత గీసింది. ఆ గీతను నమ్ముకుని చిన్నాయన నిలబడాలి. చెప్తే నేను పనికిమాలినదాన్నని తేలిపోతుంది. చెప్పకపోతే అందరం మళ్ళీ తప్పు చోటే తవ్వుకుంటాం. దీపాలు పెట్టే వేళకు ఇక పట్టలేక, పిండి రుబ్బుతున్న చిన్నమ్మ ముందు నిలబడి గడగడా చెప్పేశాను.

ఆవిడ పిండి చేత్తోనే నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. గట్టిగానే వేసింది. ఆ తర్వాత అడిగిన మాట ఒకటే. "ఎంత తప్పింది?" నాలుగు వేళ్ళు చూపించాను. "అట్లనా. సరి, రేపు మళ్ళీ చూస్తాం. తప్పు ఎంతని తెలిస్తే దాన్ని తీసెయ్యొచ్చు కణ్ణూ. ఎంతని తెలీకుండా దాచిపెడితేనే మునిగిపోతాము," అని మళ్ళీ రుబ్బడం మొదలుపెట్టింది. శుక్రవారం వెళ్ళిపోవలసిన మేస్త్రి కుటుంబాన్ని, ఇంట్లో పని ఉందని మేస్త్రి భార్యతో చెప్పి, అన్నం పెట్టి, ఆ ఒక్క రోజు ఆపింది.

శుక్రవారం నేను కూర్చున్నాను. నా రెండు కాలి బొటనవేళ్ళూ నేనే గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చీమలు కుట్టాయి. ఎవరో పిలిచారు. బండి కట్టిన చప్పుడు వినిపించింది. ఒళ్ళంతా లేచి పరుగెత్తమంటోంది. లేవలేదు. నీడ కొన వలయాన్ని తాకిన క్షణంలో గింజ పెట్టి, ఊరంతా వినేట్టు అరిచాను.

చిన్నమ్మ కొత్త గీత గీసి, తాళాల గుత్తి తీసి దూరంగా పెట్టి, చిన్నాయనను పిలిచింది. "ఒకసారి కంపాసు ఎత్తుకోని రండి. ఈ గీత నేరుగా ఉండాదో లేదో చూసి చెప్పండి," అంది. ఆయన ఇష్టం లేకుండానే వచ్చాడు. గీత మీద కంపాసు పెట్టి వంగి చూసి, "నీ కోలం వంకర," అన్నాడు.

"కోలం పాప పెట్టిన గింజల మీద వేసింది," అంది చిన్నమ్మ. "నిన్న ఒక గింజ తప్పు పెట్టి, అదే వచ్చి చెప్పింది. ఈ దినం కదలకుండా కూర్చునింది. నేను దాన్ని నమ్ముతా ఉండా. గోడ కూడా ఈ గీతతోనే కలుస్తాది, చూసుకోండి."

ఆయన వెళ్ళి గోడ చూశాడు. తిరిగి వచ్చి కూర్చుండిపోయాడు. చాలాసేపు కంపాసును అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగున చిన్న మర ఒకటి ఉంది. దాన్ని డబ్బా బిగించే మర అనుకున్నాడట ఇన్నేళ్ళూ. చిన్నమ్మ దగ్గర ఇత్తడి పిన్నీసు తీసుకుని దాన్ని కొంచెం తిప్పాడు. ముల్లు కదల్లేదు, దాని చుట్టూ ఉన్న డిగ్రీల వలయం కదిలింది! మర పక్కన సన్నటి గీతలూ, అంకెలూ, వాటి మీద జరిగే చిన్న బాణం ఆనవాలూ ఉన్నాయి. ఆనవాలు పది మీద ఉంది. వలయం మీది ఉత్తరం చిన్నమ్మ గీత మీదికి వచ్చేదాకా తిప్పుతూ పోతే ఆ ఆనవాలు రెండుకూ మూడుకూ మధ్య వచ్చి ఆగింది.

అప్పుడు ఆయన నాకు చెప్పిన సంగతి నేనింకా మరచిపోలేదు. కంపాసు ముల్లు సరిగ్గా ఉత్తరం చూడదు. భూమి లోపలి అయస్కాంతం ఎటు లాగితే అటు చూస్తుంది. అసలు ఉత్తరానికీ దానికీ మధ్య కొంత తేడా ఉంటుంది. ఆ తేడా ఊరు మారితే మారుతుంది, ఒకే ఊళ్ళో కూడా ఏళ్ళు గడిస్తే మారుతుంది. అందుకే కంపాసు చేసినవాడు ఈ మర పెట్టాడు, మన ఊళ్ళో తేడా ఎంతో మనం దానికి చెప్పడానికి. దొర తన దేశపు తేడా చెప్పి పెట్టుకున్నాడు. ఆ దేశం వదిలి ఊటీకి వచ్చాక ఆయన మార్చలేదు. ఊటీ నుంచి మా ఇంటికి వచ్చాక మేం మార్చలేదు. పాపం ఆ కంపాసు అన్నేళ్ళూ దొర ఊరి ఉత్తరాన్నే చూపిస్తూ వచ్చింది. ఈ మధ్య మా మనవడి సెల్‌ఫోన్‌లో కంపాసు చూశాను. మనం ఎక్కడున్నామో అదే తెలుసుకుని తేడా అదే సరిచేసుకుంటుందట. మర తిప్పే పని లేదు. నాకెందుకో అది అంత నచ్చలేదు.

చిన్నాయన సర్వే రాయి దగ్గర నిలబడి మళ్ళీ చూశాడు. మూడు వందల అడుగులు మళ్ళీ కొలిచాడు. కొత్త చోటు తవ్విన బావికి పడమరగా వచ్చింది. అక్కడి నుంచి బావి నడిమికి తాడు పట్టి కొలిచాడు. ఈలోగా మా నాయన వచ్చాడు, మేస్త్రి వచ్చాడు, పక్క చేలవాళ్ళు కూడా వచ్చారు. మా నాయన మెల్లగా తమ్ముడి చెవిలో, ఆఫీసరు కాగితం తప్పని చెప్పేద్దాంలే అన్నాడు. ఎంతైనా అన్న కదా, అంతమందిలో తమ్ముడు చులకనైపోతే చూడలేకపోయాడు. చిన్నాయన తల అడ్డంగా ఊపి, అందరికీ వినిపించేట్టు చెప్పాడు. "కాగితం సరిగ్గానే ఉండాది. తప్పు నాది. ముప్పై తొమ్మిది అడుగులు."

మేస్త్రి వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క వేసుకుంటున్నాడు. "ముప్పై తొమ్మిదా సామీ? బావి వెడల్పు సగం తీసేస్తే ఇరవై తొమ్మిదే కదా! దీనికి ఇంకొక బావి ఏంటికి? దిగి పడమర గోడకు అడ్డంగా బోరు వేస్తే అయిపాయె!" అన్నాడు. చిన్నాయన ఆ అడుగుల సంఖ్య చెప్పకపోయి ఉంటే ఈ మాట పుట్టేదే కాదు. కాగితం తప్పని అబద్ధమాడి ఉంటే ఆ బావి పూడ్చి, చేను ఎండబెట్టుకుని, మేమంతా ఊరు వదిలేవాళ్ళం.

మళ్ళీ రాట్నం బిగించారు. నలభై అడుగుల లోతున పలకలు వేసుకుని నిలబడి, ఇద్దరు మనుషులు చేత్తో తిప్పే బోరు. పది రోజులు. చిన్నాయన పైకి రాలేదు, చద్ది కూడా తాడు మీదనే దించాం. ఇరవై ఆరో అడుగు దగ్గర బోరు కడ్డీ వెంట బురద వచ్చింది. కడ్డీ లాగేసరికి నా పిడికిలంత లావు ధార బావిలోకి చిమ్మింది. పైనుంచి చూస్తున్న మాకు ముందు చప్పుడే వినిపించింది. అవ్వ గట్టు మీదే సాష్టాంగపడింది. నేను ఏడ్చేశాను, ఎందుకు దాచాలి? మా నాయన గట్టు అంచున వంగి లోపలికి అరిచాడు. "ఎక్కి రారా! అన్నం తిందువు!" కోళ్ళ గూటి మాట తర్వాత, అందరూ వినేట్టు ఆయన తమ్ముడితో అన్న మొదటి మాట అదే.

చిన్నాయన మిల్లుకు పోలేదు. ఆ తర్వాత ఆయనా చిన్నమ్మా చాలా ఏళ్ళు బతికి, ఆ చేలోనే పని చేసి పోయారు. నాకు మాత్రం ఆ వారం నుంచి ఒక జబ్బు పట్టుకుంది. తప్పు చేశానని తెలిస్తే ఊరకే ఉండలేను. తప్పయిందని పైపైన అనేసి ఊరుకోవడమూ చాతకాదు. ఎంత తప్పో కొలిచి చెప్పాలి. చెప్పేదాకా తిన్నది అరగదు.

పోయిన నెల నా పెట్టె సర్దుతుంటే, ఎప్పుడో పోయిందనుకున్న వెండి గిన్నె నా పట్టుచీర మడతలోంచే బయటపడింది. నేనే పెట్టి మరచిపోయాను. అది కోడలు పుట్టింటికి ఇచ్చేసిందని నేను నోరు విప్పి ఎవరితోనూ అనలేదు. కానీ అనుకున్నాను, అనుకున్నదానికి తగ్గట్టే నడుచుకున్నాను. మళ్ళీ మడతలో పెట్టేస్తే ఎవరికీ తెలిసేది కాదు. గిన్నె పట్టుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. కోడలు పొయ్యి ముందు నిలబడి ఉంది.

"ఇది నా పెట్టెలోనే ఉండాదమ్మా. నేను నిన్ను అనుమానించినాను. మూడేండ్లు," అన్నాను.

ఆ పిల్ల పొయ్యి ఆపింది. గిన్నె వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"నాకు తెలుసు అత్తా," అంది. "మూడు కాదు, నాలుగు."

"సరి," అన్నాను. "నాలుగు."